ఏ పనీ లేకుండానే బయటికొచ్చాం

“మీకు పనీపాటా లేదా అమ్మా?” ఇస్నాపూర్ చౌరస్తాలో ఓ ఆదివారం పొద్దున మమ్మల్ని ఆపి వొక పెద్దమనిషి అడిగిన మాట యిది. ఆయన్ని తప్పుపట్టడానికి యిది రాయడం లేదు. అదే ప్రశ్న నెల తిరక్కుండా మా కార్యకర్తల సమావేశంలో, నాతో పదేళ్ళుగా కలిసి పనిచేసిన వాళ్ళ నోట, కాస్త మర్యాదైన భాషలో వినాల్సొచ్చింది. “దీని ఔట్‌పుట్ ఏమిటి?” అన్నారు. చౌరస్తాలో ఆయనకి జవాబు చెప్పలేదు. వీళ్ళకి చెప్పి తీరాలి.

ముందు మేం చేసిన నేరమేమిటో చెప్తాను. మేం ఏడుగురం స్నేహితులం. వొకామె మందుల కంపెనీలో కాంట్రాక్టు మీద ప్యాకింగ్ చేస్తుంది. ఇద్దరు యింట్లోనే మిషన్ కుడతారు. వొకరు అంగన్‌వాడీ టీచరు. వొకమ్మాయి సంగారెడ్డిలో డిగ్రీ చదువుతోంది. ఇంకొకామె బీహారు నుంచి భర్త వెంట వచ్చి పాశమైలారం దగ్గర రేకుల గదిలో వుంటుంది. ఏడోదాన్ని నేను. నెలకో ఆదివారం కలుస్తాం. ఆ నెలకో అంశం పెట్టుకుని, దాని కింద వెతకాల్సిన పదింటి జాబితా రాసుకుంటాం. రెండు గంటలసేపు నడుస్తూ వాటిని కనిపెట్టి ఫోన్‌లో ఫోటో తీయాలి. ఇద్దరికి కెమెరా ఫోను లేదు, జతగా తిరుగుతారు. చివరికి ఛాయ్ దగ్గర కూచుని ఎవరికి ఎన్ని దొరికాయో లెక్క చూసుకుంటాం. ఎక్కువ దొరికినవాళ్ళు ఛాయ్ డబ్బులివ్వక్కర్లేదు. అంతే ఆట.

ఇది పరాయి దేశపు సరదా అని సమావేశంలో వొకరన్నారు. కావచ్చు. మాకు మాత్రం కొత్తగా అనిపించలేదు. బతుకమ్మ ముందు తంగేడు కోసం, గునుగు కోసం చెలకలూ గట్లూ పట్టుకు తిరిగిన పిల్లలం మేం. ఎవరికి ఎక్కువ పువ్వు దొరికితే వాళ్ళ బతుకమ్మ అంత ఎత్తు. ఆ తిరుగుడుకి గౌరమ్మ పేరుంది కాబట్టి ఎవరూ పనీపాటా లేదా అనలేదు.

మొదటి నెల మా అంశం “కూచునే చోటు”. షరతు వొకటే పెట్టుకున్నాం: ఏమీ కొనకుండా, ఎవర్నీ అడక్కుండా ఆడమనిషి పదినిమిషాలు కూచోగలగాలి. ఏడుగురం కలిసి రెండు గంటలు వెతికితే నాలుగు దొరికాయి. గుడి అరుగు, ఆసుపత్రి మెట్లు, బడి గోడ నీడ, రోడ్డు పక్కన పడేసిన సిమెంటు పైపు. దారిలో మగవాళ్ళు కూచున్న చోట్లు కూడా లెక్కపెడదామని డిగ్రీ పిల్ల అంది. పాన్‌డబ్బా, హోటలు బల్ల, కల్వర్టు, లారీ అడ్డా, చెట్టుకింద పేకాట, వైన్‌షాపు పక్కన పర్మిట్ రూము… ముప్పైదాకా లెక్కపెట్టి వదిలేశాం. 1992లో దూబగుంట నుంచి లేచిన సారా వ్యతిరేక పోరాటం గురించి ప్రతి శిక్షణలో చెప్పుకుంటాం. తాగేవాడికి కూచోవడానికి గది కట్టిచ్చిన వ్యవస్థ, షిఫ్టు దిగిన ఆడదానికి బస్సొచ్చేదాకా వొక బల్ల వెయ్యలేదన్న సంగతి మాత్రం పదేళ్ళుగా అదే రోడ్డున తిరుగుతున్న నాకు తట్టలేదు. నేను ఎప్పుడూ ఏదో వొక పని మీద తిరిగాను మరి. సర్వే ఫారం చేతిలో వుంటే బల్ల కనిపించదు.

ఇంకో నెల “ఆడపేరు” వెతికాం. బోర్డుల మీద, గోడల మీద, బండ్ల మీద. లక్ష్మీ కిరాణం, దుర్గా వెల్డింగ్, సాయి భవానీ టైర్స్. దేవతలు కోకొల్లలు. లారీల వెనక తల్లులూ కూతుళ్ళూ వున్నారు. బతికున్న మనిషిగా, తన పేరుతో, తన వ్యాపారానికి బోర్డు పెట్టుకున్న స్త్రీ కోసం చాలాసేపు తిరిగితే వొక బ్యూటీ పార్లరు, వొక డాక్టరమ్మ. ఫోటోల్ని పక్కపక్కన పెట్టి చూసుకుని చాలాసేపు నవ్వుకున్నాం. ఆ నవ్వుని ఏ కాలమ్‌లో నింపాలో నాకు తెలీదు.

ఇప్పుడు “పని” సంగతికి వస్తాను. 2011లో శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రణదే అనే ముగ్గురు ముంబై స్త్రీలు “వై లాయిటర్” అని వొక పుస్తకం రాశారు. ఆడది బయట కనబడాలంటే చేతిలో సంచో, చంకలో పిల్లో, చెవిదగ్గర ఫోనో వుండాలి, తానేదో పని మీద వచ్చినట్టు లోకానికి కనిపిస్తూ వుండాలి అన్నది వాళ్ళ వాదనలో ముఖ్యమైన భాగం. ఊరికే నిలబడటం కూడా పౌరుల హక్కేనంటారు. ముంబైకి సముద్రం వొడ్డూ, దాని వెంట కూచునే గోడా వున్నాయి. మనకి వున్నది 65వ నంబరు జాతీయ రహదారి, దాని మీద ట్యాంకర్లు. అయినా ప్రశ్న వొకటే.

తెలంగాణలో ఆ ప్రశ్న ఎంత పచ్చిగా వుందో బస్సు చూస్తే తెలుస్తుంది. 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం కింద ఆడవాళ్ళకి ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం మొదలైంది. మా ఆట సాగుతున్నది ఆ జీరో టికెట్ మీదే, దాచడమెందుకు. పథకం మొదలైన దగ్గర్నుంచీ వినబడుతున్న మాట ఏమిటి? “పనిలేకపోయినా ఎక్కి తిరుగుతున్నారు.” బస్సులో కూచుని వెల్లుల్లి పొట్టు తీసుకుంటున్న ఆడవాళ్ళ వీడియో 2024లో రాష్ట్రమంతా తిరిగింది, రాజకీయ నాయకులు కూడా దాని మీద జోకులేశారు. ఆమె చేస్తున్నది పని. ఇంట్లో చేయాల్సిన పనిని ప్రయాణంలోకి తెచ్చుకుంది. పని చేస్తే నవ్వారు, చేయకుండా కిటికీలోంచి చూస్తూ కూచుంటే “తిరుగుతోంది” అంటారు. ఆ వీడియో తీసినవాడు ఆమెని అడిగి తీశాడని నేననుకోను. కెమెరా ఎవరి చేతిలో వుందన్న ప్రశ్న యిక్కడే వస్తుంది.

రక్షణ పేరుతో వచ్చే వాదన యింకొకటి. 2019 నవంబరు చివర్లో దిశ ఘటన జరిగాక వచ్చిన జాగ్రత్తల జాబితాలన్నీ ఆడవాళ్ళకే. అప్పటి ముఖ్యమంత్రి అయితే ఆర్టీసీ మహిళా ఉద్యోగుల డ్యూటీ రాత్రి ఎనిమిదికల్లా ముగిసేలా చూడమన్నారు. నేరం మగవాడు చేస్తే కర్ఫ్యూ ఆడవాళ్ళకా అని మనమే అప్పుడు కరపత్రాలు రాశాం. అదే మనం “పారిశ్రామిక వాడలో ఆడవాళ్ళు గుంపుగా ఫోటోలు తీస్తూ తిరగడం రిస్కు కదా, ఏదైనా అయితే సంస్థకి చెడ్డపేరు” అంటున్నాం. రోడ్డు మీద ఆడవాళ్ళు తక్కువైనకొద్దీ మిగిలిన ఆ వొక్కదానికి భయం ఎక్కువవుతుందన్నది మనం చెప్పిన పాఠమే.

నియమాలు లేకుండా తిరుగుతున్నామనుకోకండి. మనుషుల్ని అడక్కుండా తీయం, అడిగినా వొద్దంటే అక్కడితో సరి. పిల్లల ముఖాలు తీయం. ఎద్దుమైలారంలో ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ, భానూరులో బీడీఎల్ వున్నాయి. రక్షణ శాఖకి చెందిన ఆ గోడల వైపు కెమెరా తిప్పం, 1923 నాటి అధికార రహస్యాల చట్టం వుంది. మిగతా రోడ్డూ చెరువుగట్టూ అందరివీ. ఆడవాళ్ళని ఏకాంతంలో దొంగచాటుగా ఫోటో తీస్తే 2013 నుంచీ నేరం, యిప్పటి భారతీయ న్యాయ సంహితలో 77వ సెక్షను. ఇది వొకసారి ఛాయ్ దగ్గర చెప్తే మిషన్ కుట్టే ఆమె తన పక్కగది కుర్రాడి సంగతి మొదటిసారి బయటపెట్టింది. రెండేళ్ళుగా ఆ వీధిలోనే నేను “హక్కుల అవగాహన” తరగతి నడిపాను. ఆమె వచ్చేది, సంతకం పెట్టేది, వెళ్ళేది.

ఇక అసలు పేచీ. సమావేశంలో ఆటని ఎవరూ నిషేధించమనలేదు. అంతకన్నా ప్రమాదకరమైన మాటన్నారు. “బాగుంది, దీన్ని డాక్యుమెంటేషన్‌గా మార్చండి. ప్రతి ఫోటోకి స్థలం, తేదీ పెట్టండి. కాలుష్యం మీద సాక్ష్యంగా వాడదాం.”

వానాకాలంలో వొక నెల “నీళ్ళ రంగు” పెట్టుకున్నాం. కాలవ, కుంట, బోరు, ట్యాంకరు, వాన గుంట. ప్యాకింగ్ చేసే ఆమె తాను పనిచేసే చోటు వెనక గోడ కింద నుంచి వస్తున్న నీళ్ళని ఫోటో తీసింది. ఇటుక రంగులో వున్నాయి. ఆ నెల గెలుపు ఆమెదే. మా సంస్థ ఆ ఫోటో అడిగిందని చెప్పగానే ఆమె ముఖం మారిపోయింది. “అక్కా, ఆ గోడ పక్క నుంచి పోయేది మేం నలుగురమే. ఎవరు తీసిన్రో సూపర్‌వైజర్‌కు తెల్వదా? రేపటి నుంచి గేటు కాడనే ఆపుతడు.” నా ఫోన్లోనూ అందరి ఫోన్లలోనూ ఆ ఫోటో తీసేయించింది. తర్వాతి నెల రాలేదు. నేను అడగకుండా వుండాల్సింది.

సాక్ష్యం కావాలనే మిత్రుల్ని వొకటి అడుగుతాను. పటాన్‌చెరులో సాక్ష్యానికి కొరత ఎప్పుడుంది? నక్కవాగు సంగతి మీద సుప్రీంకోర్టులో కేసు పడింది 1990లో. అది 2001లో హైకోర్టుకి, అక్కణ్ణించి హరిత ట్రిబ్యునల్‌కి వెళ్ళి, 2017లో తీర్పు వచ్చింది. డాక్టర్ అల్లాని కిషన్‌రావు లాంటివాళ్ళు జీవితంలో సగం దీనికే పెట్టారు. 2007లో స్వీడన్ శాస్త్రవేత్త జోకిమ్ లార్సన్ బృందం యిక్కడి ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్ళని పరీక్షిస్తే సిప్రోఫ్లాక్ససిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా తేలింది. కొన్ని బాక్టీరియాలకి విషమయ్యే మోతాదుకి అది వెయ్యి రెట్లు పైన. ప్రపంచమంతా ఆ అంకె చదివింది. 2017లోనే గండిగూడెం చెరువులో చేపలు గుట్టలుగా చచ్చి తేలాయి. ఇన్ని దశాబ్దాల కాగితాలు చేయలేని పనిని రోజుకూలీ ఆడదాని ఫోన్లో వున్న ఫోటో చేస్తుందా? చేస్తుందనే అనుకుందాం. మూల్యం చెల్లించేది ఎవరు? నివేదిక కింద సంతకం మనది, పోయే కూలి ఆమెది. వాగు కోసం పోరాడొద్దని కాదు. పోరాడటానికి ఆమె సిద్ధపడి వస్తే ఆమె పక్కన నిలబడదాం. ఆటకి పిలిచి సాక్షిగా నిలబెట్టడం మోసం.

స్త్రీల చేతికి కెమెరా యివ్వడం మన రంగంలో కొత్త కాదు. 1990ల మొదట్లో చైనా యున్నాన్‌లో కరోలిన్ వాంగ్, మేరీ ఆన్ బరిస్ 62 మంది పల్లె స్త్రీల చేత ఫోటోలు తీయించారు, ఆ పద్ధతి “ఫోటో వాయిస్” పేరుతో సంస్థలన్నిటికీ పాకింది. మంచి పద్ధతే. కానీ అక్కడా ఫోటో చివరికి అధికారి బల్ల మీదికి చేరాలి. మనకి దానికన్నా దగ్గరి పాఠం వుంది, మన సంగారెడ్డి జిల్లాలోనే, జహీరాబాద్ పక్కన పస్తాపూర్‌లో. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత స్త్రీలు తొంభైల చివర వీడియో కెమెరా పట్టారు. చదువు రాని వ్యవసాయ కూలీలు. 2001లో వాళ్ళ కమ్యూనిటీ మీడియా ట్రస్టు ఏర్పడింది, 2008 అక్టోబరు 15న మాచ్నూరులో సంఘం రేడియో మొదలైంది. కెమెరా పెట్టే తీరుకి వాళ్ళు తమ పేర్లు పెట్టుకున్నారు. పైనుంచి కిందికి చూస్తే అది పటేల్ షాట్. కింద నుంచి పైకి చూస్తే జీతగాడి చూపు. కళ్ళకి కళ్ళు సమానంగా వుంటే సంఘం షాట్. మన వార్షిక నివేదికలు ముందేసుకుని వొక్కసారి ఈ లెక్కన చూడండి. నేల మీద కూచున్న ఆడవాళ్ళు, నిలబడి తీసిన ఫోటోలు. బిందె, పొయ్యి, పుండు. నేనూ తీశాను అలాంటివి, వందల్లో. పటేల్ షాట్‌కి పటేలే కానక్కర్లేదు.

2025 జూన్ 30న పాశమైలారంలో సిగాచి పరిశ్రమలో పేలుడు జరిగింది. 46 మంది చనిపోయారు, యింకో 8 మంది ఆనవాలు కూడా దొరకలేదు. డీఎన్‌ఏ పరీక్షల కోసం రోజుల తరబడి ఎదురుచూసిన ఆడవాళ్ళ ముఖాలు పేపర్లన్నిటా చూశాం. ఈ వాడలో స్త్రీ ఫోటోకెక్కేది అలాంటప్పుడే. ఏడుస్తున్నప్పుడు, లేకపోతే ఖాళీ బిందెతో నిలబడ్డప్పుడు. బీహారు ఆమె ఆ దారినే రోజూ నీళ్ళకి వెళ్తుంది. ఆటలో ఆమె తీసిన మొదటి ఫోటో ఏమిటో తెలుసా? కంపెనీ ముళ్ళకంచె మీద ఆరేసిన పసుపుపచ్చ చున్నీ. జాబితాలో అది లేదు. మార్కులు యివ్వలేదు. ఆమె పట్టించుకోలేదు.

ఔట్‌పుట్ అడిగిన మిత్రులకి నా దగ్గర పట్టిక లేదు. యూనియన్లకి ఆదివారాలు కావాలి, సంఘాలకి ఆదివారాలు కావాలి, యింట్లో బట్టలకీ తలంట్లకీ ఆదివారమే కావాలి. ఆ వొక్కరోజులోంచి రెండు గంటలు తమ కోసం తీసుకోవడానికి ఆ ఏడుగురిలో ప్రతి వొక్కరూ యింట్లో తగువుపడే వచ్చారు. అంగన్‌వాడీ టీచరు భర్తకి యిప్పటికీ “మీటింగు” అనే చెప్తుంది. మీటింగంటే ఒప్పుకుంటాడు, ఆటంటే ఒప్పుకోడు. మన మీటింగులు ఆడవాళ్ళకి యిచ్చిన వెసులుబాటు అది, కాదనను. కానీ ఆమె అబద్ధం చెప్పాల్సి వస్తున్నది ఆట కోసమే. హక్కు ఎక్కడ ఆగిపోయిందో అక్కడే కదా మనం పనిచేయాల్సింది.

ప్యాకింగ్ ఆమె మూడు నెలల తర్వాత మళ్ళీ వచ్చింది. ఫోటోలు మా ఏడుగురి మధ్యే వుంటాయని, ఎవరు తీసేయమన్నా తీసేస్తామని అందరం మాటిచ్చాక. ఈసారి అంశం తనే పెడతానంది. “ఎత్తు” అని పెట్టింది. నీళ్ళ ట్యాంకు, పొగగొట్టం, ముత్తంగి దగ్గర ఔటర్ రింగు రోడ్డు వంతెన, కంది చేను, మనకన్నా పొడుగైన మనవరాలు… పదోది ఏమిటో తేలక ఖాళీగా వుంచాం. వచ్చే ఆదివారం పొద్దున ఏడింటికి కలుస్తున్నాం.