కంపం ఆగాక గాలి ఎటు?

2002 నాటి భూకంపాల పటం విశాఖపట్నాన్ని రెండో జోన్‌లో పెట్టింది. దేశంలో అన్నిటికన్నా ప్రమాదం తక్కువని లెక్కగట్టిన జోన్ అది. ఆ ఒక్క మాట పట్టుకుని ఊరు నిశ్చింతగా ఉంటోంది. 2014 మే 21 రాత్రి బంగాళాఖాతంలో 6 తీవ్రతతో భూకంపం వచ్చినప్పుడు అపార్ట్‌మెంట్ల జనం పిల్లల్ని చంకనేసుకుని మెట్ల మీదుగా రోడ్ల మీదికి పరుగెత్తారు. పెద్ద నష్టమేమీ జరగలేదు కాబట్టి నాలుగు రోజుల్లో మరిచిపోయారు. అదే ఏడాది అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చి ఊరిని ఊడ్చేసింది. అప్పటి నుంచి విపత్తు అంటే విశాఖకు తుపానే. ఇందులో తప్పుపట్టాల్సింది లేదు, తుపాను ఏటా తలుపు తడుతుంది. అయితే ఒక రేవు, ఒక రిఫైనరీ, ఒక ఉక్కు కర్మాగారం, వాటి చుట్టూ లక్షల ఇళ్లు ఉన్న ఊరికి భూకంప జాగ్రత్తలు మిగతా ఊళ్లకు చెప్పినట్టే చెబితే చాలదు. ఇక్కడ భూమి ఊగే ఆ అర నిమిషం కన్నా ఆ తర్వాతి గంట ఎక్కువ ప్రమాదకరం. ఆ గంటలో ఏం చేయాలో ఊరికి ఎవరూ చెప్పలేదు.

ముందు జోన్ సంగతి. 1993 సెప్టెంబర్ 30 తెల్లవారుజామున లాతూర్ జిల్లా కిల్లారిలో సుమారు 8,000 మందిని బలిగొన్న భూకంపం అప్పటి పటంలో అతి తక్కువ ప్రమాదమున్న మొదటి జోన్‌లో వచ్చింది. ఆ తర్వాత, 2002 నాటి సవరణలో, మొదటి జోన్‌నే పటంలోంచి తీసేసి రెండో దానిలో కలిపేశారు. మన దగ్గరా నేల ఎప్పుడూ నిద్రపోలేదు. 1917లో విజయనగరం ప్రాంతం, 1967లో ఒంగోలు, 1969లో భద్రాచలం 5కు మించిన తీవ్రతతో కంపించాయి. 2024 డిసెంబర్ 4 ఉదయం ములుగు అడవుల్లో 5.3 తీవ్రతతో వచ్చిన కంపం హైదరాబాద్, విజయవాడ దాకా తెలిసింది. కాబట్టి జోన్ అంకె ఒక అంచనాయే తప్ప హామీపత్రం కాదు. అలాగని దాన్ని కొట్టిపారేయనూ కూడదు. రెండో జోన్‌లో సాధారణంగా ఊహించే కుదుపు ఎలా ఉంటుందంటే, జనం భయపడి బయటికి పరుగెడతారు, బీరువాలు కదులుతాయి, గోడల పెచ్చులు రాలతాయి, నాసిరకం ఇళ్లకు పగుళ్లు పడతాయి. పిల్లర్లతో సవ్యంగా కట్టిన భవనం ఆ కుదుపుకు కూలకూడదు. విశాఖ భూకంప జాగ్రత్త ఈ నిజం మీద మొదలుకావాలి.

భవనం కూలే అవకాశం తక్కువైనచోట మనిషికి దెబ్బ తగిలేది పైనుంచి పడే వాటి వల్ల, పరుగు వల్ల. అటక మీది ఇత్తడి బిందెలు, గోడకు బిగించని బీరువా, మంచం తలవైపు వేలాడదీసిన బరువైన ఫొటో ఫ్రేము, పిట్టగోడ మీది పూలకుండీలు, డాబా మీది నీళ్ల ట్యాంకు, ఇవన్నీ ఆ కొద్ది క్షణాల్లో ప్రమాదాలే. నాలుగో అంతస్తులో ఉన్నవాడు చీకట్లో మెట్లు దిగేలోపు కంపం ఆగిపోతుంది. ఈలోపు తొక్కిసలాటలో పడటమో, గుమ్మం దాటగానే సజ్జ పెచ్చు నెత్తిన పడటమో జరుగుతుంది. అందుకే పై అంతస్తుల్లో ఉన్నవారు ఉన్నచోటే కిందికి వంగి, గట్టి బల్ల కిందికి దూరి, దాని కాలు పట్టుకోవాలి. బల్ల లేకపోతే కిటికీ అద్దాలకు, బీరువాలకు దూరంగా లోపలి గోడ పక్కన తల దాచుకుని కూర్చోవాలి. లిఫ్ట్ జోలికి పోకూడదు. కంపం ఆగాక చెప్పులు వేసుకుని, గ్యాస్ సిలిండర్ రెగ్యులేటర్ కట్టేసి, గ్యాస్ వాసన వస్తే ఏ స్విచ్చీ ముట్టుకోకుండా మెట్లు దిగాలి.

ఇక్కడ ఒక అభ్యంతరం తరచూ వినిపిస్తుంది. బల్ల కింద దూరడం జపాన్‌కు సరిపోతుంది కానీ మన కట్టడాలకు సరిపోదనీ, మనవి పేకమేడలనీ, లోపల ఉంటే సమాధేననీ అంటారు. ఇందులో సగం నిజముంది. మట్టి గోడలు, రాళ్ల గోడల మీద బరువైన కప్పు ఉన్న ఇంట్లో నేల అంతస్తులో గుమ్మం పక్కనే ఉంటే, బయట ఖాళీ స్థలం ఉంటే, బయటికి పోవడమే మేలు. మిగతా సగానికి సమాధానం భుజ్ భూకంపంలో ఉంది. 2001 జనవరి 26న ఆ కంపానికి 200 కిలోమీటర్లకు పైగా దూరంలోని అహ్మదాబాద్‌లో బహుళ అంతస్తుల భవనాలు కూలి వందలమంది చనిపోయారు. కూలినవాటిలో చాలావాటికి కింద పార్కింగ్ కోసం గోడలు లేకుండా పిల్లర్ల మీద వదిలిన అంతస్తు ఉంది. ఆ తర్వాత 2002లో వచ్చిన ప్రమాణం అలాంటి కింది అంతస్తు పిల్లర్లను లెక్కకు రెండున్నర రెట్ల బలానికి డిజైన్ చేయాలని చెప్పింది. ఎంవీపీ కాలనీ నుంచి మధురవాడ దాకా, ఇటు గాజువాక దాకా విశాఖ పెరిగింది ఆ పార్కింగ్ అంతస్తు మీదనే. మీ అపార్ట్‌మెంట్ ఎప్పుడు కట్టారు, ఆ పిల్లర్లు ఏ ప్రమాణానికి కట్టారు అనేది అసోసియేషన్ సమావేశంలో బిల్డర్‌ను అడగాల్సిన మొదటి ప్రశ్న. పెయింటింగ్ ఖర్చు గురించి మూడు గంటలు వాదించుకునే అసోసియేషన్లు దీనికి పది నిమిషాలు కేటాయించగలవు.

అసలు విషయం కంపం ఆగాక మొదలవుతుంది. అన్ని సూచనలూ ఒకే మాటతో ముగుస్తాయి: బయటికి వచ్చి ఖాళీ స్థలంలో నిలబడండి. రిఫైనరీ చుట్టుపక్కల ఉన్న మల్కాపురం, శ్రీహరిపురం, సింధియా ప్రాంతాల వారికి ఆ మాట ఎంతవరకు పనికొస్తుంది? 1997 సెప్టెంబర్ 14న రిఫైనరీలో వంటగ్యాస్ లీకై మంటలంటుకున్నప్పుడు సుమారు 60 మంది చనిపోయారు. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్ఆర్ వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి లీకైనప్పుడు 12 మంది పోయారు. ఊపిరాడక ఇళ్లలోంచి పరుగెత్తినవారు రోడ్ల మీదే స్పృహతప్పి పడిపోయిన దృశ్యాలు దేశమంతా చూసింది. ఆ రెండుసార్లూ భూమి కదల్లేదు. కదిలితే ఏమవుతుందో మరోచోట చూశాం. భుజ్ భూకంపంలో కాండ్లా రేవులో మెత్తటి నేల మీది పోర్టు కార్యాలయ భవనం ఒక పక్కకు ఒరిగింది, నిల్వ ట్యాంకులోంచి అక్రిలోనైట్రైల్ అనే విషద్రవం కారిపోయింది. 1999 ఆగస్టు 17 నాటి తుర్కియే భూకంపంలో ఇజ్మిత్ దగ్గరి రిఫైనరీ రోజుల తరబడి తగలబడింది. విశాఖ లోపలి హార్బర్‌ను కూడా ఉప్పుటేరు బురదనేలలో తవ్వే 1933లో తెరిచారు. అలాంటి నేల గట్టి రాతినేల కన్నా ఎక్కువ ఊగుతుందని ఇంజనీర్లకు తెలుసు.

ఇక చిక్కుముడి. భూకంపం బయటికి రమ్మంటుంది. విషవాయువు చాలా సందర్భాల్లో లోపలికి పోయి తలుపులు, కిటికీలు మూసుకోమంటుంది. స్టైరీన్, వంటగ్యాస్ ఆవిర్లు గాలికన్నా బరువు, పల్లంలో పేరుకుంటాయి. ఎరువుల తయారీకి వాడే అమ్మోనియా తీరు వేరు. గోడకు పగులు పడిన ఇంట్లోకి తిరిగి వెళ్లాలా, వాసన వస్తున్న వీధిలో నిలబడాలా? ఏది లీకైంది, ఎంత లీకైంది, గాలి ఎటు వీస్తోంది అనే మూడు సంగతులు తెలిస్తే తప్ప ఎవరూ దీనికి జవాబు చెప్పలేరు. అవి తెలిసేది కర్మాగారానికి, జిల్లా యంత్రాంగానికి. జనానికి చేరవేయాల్సింది సైరన్. 2020లో ఆ సైరన్ మోగలేదని ప్రభుత్వం వేసిన ఉన్నతస్థాయి కమిటీయే తేల్చింది. ఫోన్‌కు సందేశం పంపిస్తాం అంటారా, హుద్‌హుద్ తర్వాత విశాఖలో కరెంటు, ఫోన్లు రోజుల తరబడి పనిచేయలేదు. గుడి మైకు, మసీదు మైకు, చర్చి మైకు, పోలీసు జీపు మైకు అన్నీ హెచ్చరిక పథకంలో ఉండాలి.

కర్మాగారాలు భూకంపాలను లెక్కలోకి తీసుకునే కడతారు కదా అని అనేవారున్నారు. నిజమే, ట్యాంకులను, గ్యాస్ నిల్వ గోళాలను ఆ ప్రమాణాలతోనే కడతారు. భూమి లోపల గట్టి రాతిలో తొలిచిన ముడిచమురు, గ్యాస్ నిల్వ గుహలు పైనున్న కట్టడాల కన్నా కంపాన్ని బాగానే తట్టుకుంటాయి. అయితే 1997లో గానీ 2020లో గానీ ఓడిపోయింది ఉక్కు కాదు, నిర్వహణ. ఒకచోట రేవు నుంచి గ్యాస్ దింపుకుంటున్న వేళ లీకు, మరోచోట లాక్‌డౌన్‌లో ట్యాంకు ఉష్ణోగ్రత మీద నిఘా లేకపోవడం. భూకంపం ఒకే నిమిషంలో కరెంటును, పంపులను, సిబ్బంది ధైర్యాన్ని, రోడ్లను పరీక్షిస్తుంది. మామూలు రోజున తప్పిన నిర్వహణ ఆ రోజున తప్పదని ఎలా నమ్మాలి? ఇంకొందరు ఇవన్నీ చెబితే జనం హడలిపోతారంటారు. వెంకటాపురం జనానికి పక్క కంపెనీలో ఏముందో ముందే చెప్పి ఉంటే హడలిపోయేవారేమో, కానీ ఎటు పరుగెత్తాలో తెలిసేది.

సముద్రం గురించి ఒక్క మాట. తీరంలో ఉన్నప్పుడు కుదుపు ఇరవై సెకన్లు దాటి సాగినా, నీరు ఉన్నట్టుండి వెనక్కి పోయినా, ప్రకటన కోసం ఆగకుండా మెరక వైపు నడవాలి. ఆర్కే బీచ్ వెనకే మెరక నేల ఉండటం విశాఖ అదృష్టం. 2004 డిసెంబర్ 26న సుమత్రా నుంచి సునామీ అలలు మన తీరానికి రావడానికి రెండు గంటలకు పైగా పట్టినా హెచ్చరించే వ్యవస్థ లేక ఆంధ్ర తీరంలో వందమందికి పైగా పోయారు. ఇప్పుడు హైదరాబాద్‌లోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ ఆ హెచ్చరికలు ఇస్తోంది.

ఇంత పని చేయడానికి కొత్త చట్టం అక్కర్లేదు. భోపాల్ విషవాయు దుర్ఘటన తర్వాత వచ్చిన 1989 నాటి ప్రమాదకర రసాయనాల నియమాలు కర్మాగారం వెలుపలి అత్యవసర ప్రణాళికను తయారుచేయాలని, దాన్ని ఏడాదికి ఒక్కసారైనా రిహార్సల్ చేయాలని, చుట్టుపక్కల జనానికి ప్రమాదం స్వభావం, చేయాల్సిన పనులు ముందే తెలియజేయాలని చెబుతున్నాయి. ఆ రిహార్సళ్లు ఎక్కువగా ఒకే కర్మాగారం, ఒకే లీకు, కరెంటు ఉంది, రోడ్లు ఖాళీ అనే ఊహతో సాగుతాయి. ఈసారి భూకంపంతో మొదలుపెట్టండి: కరెంటు లేదు, ఫోన్లు లేవు, కాన్వెంట్ జంక్షన్ దగ్గర రోడ్డు మూసుకుపోయింది, రెండుచోట్ల లీకు. ఊరంతటికీ ఒకే సైరన్ భాష నిర్ణయించండి: ఏ మోతకు లోపలికి, ఏ మోతకు గాలికి అడ్డంగా బయటికి. దాన్ని రేషన్ డిపో గోడ మీద, బడి గోడ మీద తెలుగులో రాయించండి. గాలి దిశ చూపే గుడ్డ సంచులు కర్మాగారం లోపల ఉన్నట్టే వీధిలోంచీ కనబడేలా పెట్టించండి. కలెక్టర్ గారు, పోర్టు, రిఫైనరీ, ఉక్కు కర్మాగారం అధికారులు ఒక్క బల్ల దగ్గర కూర్చుంటే ఈ ఏడాది రిహార్సల్‌నే ఇలా నడపవచ్చు. మల్కాపురం జనాన్ని అందులోకి పిలవడం మాత్రం మరవకండి.