ఆరో తరగతి అమ్మాయి ఎత్తు ఎవరికి పట్టింది?

జిల్లా పరిషత్ హైస్కూల్లో వ్యాయామ ఉపాధ్యాయినిగా ఉన్న నన్ను తల్లిదండ్రులు ఆటల గురించి అడిగేది తక్కువ, ఎత్తు గురించి అడిగేది ఎక్కువ. అదీ మగపిల్లల ఎత్తు గురించే. పోలీస్ కానిస్టేబుల్ ఉద్యోగానికి అబ్బాయికి 167.6 సెంటీమీటర్లు ఉండాలి. కొడుకు పదో తరగతికి వచ్చాక ఆ అంకె గుర్తొస్తుంది. "ఏ పౌడరు తాగిస్తే పెరుగుతాడు మేడమ్? రోజూ కడ్డీకి వేలాడమందామా?" అంటారు.

వేలాడితే చేతులు, భుజాలు గట్టిపడతాయి. ఎముక సాగదు. ఇంట్లో పప్పు, గుడ్డు, పాలు ఉంటే డబ్బాలో పౌడరు కొత్తగా పెంచేదేమీ లేదు. ఎముకల చివర్లలో ఉండే మృదువైన పలకలు పని చేసినంతకాలమే ఎత్తు పెరుగుతాం. యుక్తవయసు ముగిసేసరికి అవి గట్టిపడి మూసుకుపోతాయి.

అబ్బాయిలు జోరుగా పెరిగేది 14 ఏళ్ల ప్రాంతంలో. అమ్మాయిలకు ఆ జోరు 12 ఏళ్లకే, అంటే ఆరు, ఏడు తరగతుల్లోనే వచ్చేస్తుంది. ప్రార్థన వరుసలో చూడండి, తోటి అబ్బాయిల కన్నా పొడుగైన పిల్ల సిగ్గుతో భుజాలు వంచుకుని వెనక నిలబడుతుంది. "పొద్దున ఏం తిన్నావమ్మా?" అంటే "టీ, రెండు బిస్కెట్లు మేడమ్" అంటుంది. ఇంట్లో ఉడికించిన గుడ్డు ముందు అన్న పళ్లెంలోకే వెళుతుంది. రజస్వల అయ్యాక మాత్రం చిమ్మిలి, సున్నుండలు చేసి పెడతారు. మంచి ఆచారమే. కానీ అప్పటికి ఎక్కువమంది ఇక పెరిగేది ఐదు నుంచి ఏడు సెంటీమీటర్లే. ఆ నువ్వులు, మినుములు, బెల్లం రెండు మూడేళ్ల ముందే పళ్లెంలోకి రావాలన్నదే నా గొడవంతా.

ఎత్తులో ఎక్కువ పాలు అమ్మానాన్నల నుంచి వచ్చేదే, కాదనను. ఇద్దరి ఎత్తూ సెంటీమీటర్లలో కూడి, అబ్బాయికైతే 13 కలిపి, అమ్మాయికైతే 13 తీసేసి, సగం చేస్తే సుమారు అంచనా వస్తుంది. అటూ ఇటూ ఎనిమిది సెంటీమీటర్ల తేడా మామూలే. ఆ తేడాలో పై అంచుకు చేరతారా, కింద ఆగిపోతారా అన్నదాంట్లో తిండికీ ఆరోగ్యానికీ వాటా ఉంది. 1987-90లో జాతీయ పోషకాహార సంస్థ హైదరాబాద్ చుట్టుపక్కల కొన్ని పల్లెల్లో గర్భిణులకు, ఆరేళ్లలోపు పిల్లలకు మొక్కజొన్న, సోయా కలిపిన ఉప్మా పెట్టించింది. ఆ పిల్లలు 13-18 ఏళ్ల వయసుకొచ్చాక కొలిస్తే, ఆ ఉప్మా అందని పల్లెల పిల్లల కన్నా సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువున్నారు. ఉప్మాతో వచ్చిన ఆ కాస్త ఎత్తూ నా దృష్టిలో పెద్దదే. కడుపులో బిడ్డ ఉన్నప్పుడు మొదలుపెట్టాల్సిన పనిని పదో తరగతిలో పౌడరు డబ్బాతో పూర్తిచేయలేం.

ఎత్తు కొలవడానికి పెద్ద సరంజామా అక్కర్లేదు. గోడకు టేపు అంటించి, చెప్పులు విప్పించి, మడమలు గోడకు ఆనించి, తలపై చెక్క స్కేలు అడ్డంగా పెడితే చాలు. కొప్పు చుట్టుకొచ్చిన పిల్ల జడ విప్పాలి, లేకపోతే రెండు సెంటీమీటర్లు ఊరికే కలుస్తాయి. పదేళ్ల పిల్ల ఏడాదిలో నాలుగు సెంటీమీటర్లు కూడా పెరగకపోతే డాక్టరుకు చూపించాలి. థైరాయిడ్ లోపమో, పైకి తెలియని పాత జబ్బో ఉండొచ్చు. మణికట్టు ఎక్స్‌రే తీస్తే ఎముక వయసు తెలుస్తుంది. కొందరు ఆలస్యంగా పెరుగుతారు. తండ్రి కూడా ఇంటర్‌లో పొడుగైనవాడే అయితే అది చాలాసార్లు కుటుంబ లక్షణమే. ఏది ఏదో తేల్చాల్సింది డాక్టరు, అదీ పలకలు మూసుకోకముందే.

బాల స్వాస్థ్య బృందాలు బడికి వచ్చి ఎత్తూ బరువూ రాసుకుంటాయి. ఆ అంకె పక్కన నిరుటి అంకె ఉంటేనే దానికి అర్థం. ప్రతి హైస్కూల్లో ఆరో తరగతి నుంచి జూన్‌లో ఒకసారి, డిసెంబరులో ఒకసారి కొలిచి, ప్రోగ్రెస్ కార్డులో మార్కుల పక్కనే ఎత్తు కూడా రాయాలని విద్యాశాఖను కోరుతున్నాను. సంతకం పెట్టే తల్లిదండ్రులు కూతురి గడి కూడా చదవాలి.