జూన్ 15 లోగా పందిరి కాళ్లు చూసుకోండి

ఫీనిక్స్ చుట్టుపక్కల మళ్లీ పందిళ్లు లేస్తున్నాయి. చాండ్లర్, గిల్బర్ట్, పియోరియా, ఏ వీధిలోకి వెళ్లినా శనివారం పొద్దున్నే డ్రిల్లు మోత. ఇంటెల్ ఉద్యోగమనో, టీఎస్‌ఎంసీ ఫ్యాక్టరీ అనో వచ్చి ఇల్లు కొనుక్కున్న తెలుగువాళ్లు గృహప్రవేశం ముగియగానే తలపెట్టే మొదటి పని పెరట్లో నీడ. తలపెట్టాల్సిందే. 2023లో ఈ ఊళ్లో వరసగా 31 రోజులు పగటి వేడి 110 డిగ్రీల ఫారెన్‌హీట్ తగ్గలేదు. మన లెక్కలో 43 సెల్సియస్ పైమాటే. అయితే ఆ నీడను మోస్తున్న కాళ్లను చూస్తే మాకు భయమేస్తోంది. అందరూ ఎండకు కట్టిస్తున్నారు, గాలి ఊసే ఎత్తడం లేదు.

ఇక్కడి లెక్కలో మాన్సూన్ జూన్ 15న మొదలై సెప్టెంబర్ 30తో ముగుస్తుంది. మాన్సూన్ అనగానే మనకు ముసురు, నిండిన చెరువులు గుర్తొస్తాయి. సొనోరన్ ఎడారిలో ముందు వచ్చేది గాలి. ఉరుముల మేఘం నుంచి జారిన వాన, కింది పొడిగాలిలో సగం దారిలోనే ఆవిరైపోతుంది. అలా చల్లబడ్డ గాలి బరువెక్కి ఒక్కసారిగా నేల మీద పడి నాలుగు వైపులకూ దూసుకుపోతుంది. అది దుమ్ము లేపుకుంటూ గోడలా వస్తే హబూబ్. 2011 జూలై 5న ఫీనిక్స్‌ను కమ్మేసిన దుమ్ము దాదాపు 5,000 అడుగుల ఎత్తు లేచింది. 2025 ఆగస్టు 25న వచ్చినప్పుడు విమానాశ్రయం దగ్గర గాలి గంటకు 70 మైళ్ల వేగం అందుకుంది. ఏ దిక్కు నుంచి వస్తుందో ముందుగా చెప్పలేం. ఇంటికి ఆనించి కట్టిన ప్యాటియో కప్పుకు మూడు వైపులా ఖాళీ, నాలుగో వైపు గోడ. కిందికి దూరిన గాలికి పోయే దారి ఉండదు, కప్పును పైకెత్తుతుంది. మన ఊళ్లో తాటాకు పందిరి లేచిపోతే పోయేది నాలుగు ఆకులు, రెండు వాసాలు. ఇక్కడ లేచేవి అల్యూమినియం రేకులు, ఇనప గొట్టాలు. అవి దిగేది పక్కింటి కిటికీలో.

ముందు షేడ్ సెయిల్ సంగతి. గుడ్డే కదా అని అందరూ తేలిగ్గా తీసుకునేది దాన్నే. ఆన్‌లైన్‌లో బట్ట తెప్పించి, నాలుగు స్తంభాలు పాతి, మూలలు లాగి కట్టేస్తే పని అయిపోయిందనుకుంటారు. చిన్న లెక్క వేసి చూద్దాం. గంటకు 70 మైళ్ల గాలి తనకు ఎదురుగా ఉన్న ప్రతి చదరపు అడుగు మీదా సుమారు పన్నెండున్నర పౌండ్ల ఒత్తిడి పెడుతుంది. 16 అడుగుల వెడల్పు, 20 అడుగుల పొడవు తెర అంటే 320 చదరపు అడుగులు. వెరసి 4,000 పౌండ్లు, ఓ మోస్తరు కారు బరువు. ఇక స్తంభం అడుగున చూడండి. అడుగు వెడల్పు, రెండడుగుల లోతు గుంటలో పట్టే కాంక్రీటు బరువు 235 పౌండ్ల దగ్గర ఆగిపోతుంది. నాలుగు గుంటలూ కలిపినా వెయ్యి లోపే. అల్లిక బట్టలోంచి కొంత గాలి పోతుంది, మట్టీ కొంత పట్టుకుంటుంది, గాలి ప్రతిసారీ నిండుగా తగలదు. అన్నీ ఒప్పుకున్నా వెయ్యికీ నాలుగు వేలకూ మధ్య ఉన్న తేడాను ఆ మినహాయింపుల మీదికి నెట్టి నిద్రపోలేం. పైగా గాలి వేగం రెట్టింపైతే ఒత్తిడి నాలుగింతలు అవుతుంది. 'పోయిన నెల గాలికి కదల్లేదండీ' అనే మాటకు అందుకే విలువ లేదు. పోయిన నెల వీచింది 35 మైళ్ల గాలి.

ఆ రెండడుగులైనా తవ్వుతున్నారా అంటే అదీ అనుమానమే. ఇక్కడ చాలాచోట్ల అడుగో, అడుగున్నరో దిగేసరికి తెల్లటి గట్టి పొర తగులుతుంది. కలీచీ అంటారు, సున్నం పేరుకుని రాయిలా బిగిసిన నేల. గడ్డపార వేస్తే ఖణేల్‌మంటుంది. తవ్వే మిషను అక్కడే గిర్రున తిరుగుతుంది తప్ప లోపలికి దిగదు. పనికి వచ్చినవాళ్లు ఇక చాలనుకుని, ఓ బస్తా కాంక్రీటు పొడి గుంటలో పోసి, పైపుతో నీళ్లు పట్టి, మట్టి కప్పేస్తారు. పైన గులకరాళ్లు పరిచాక కింద ఏముందో దేవుడికే తెలియాలి. కాంక్రీటు పోయకముందే టేపు పట్టుకుని గుంట దగ్గర నిలబడండి. గీసిన ప్లానులో ఎంత లోతు ఉందో అంతా దిగిందాకా డబ్బు ఇవ్వకండి. తవ్వకానికి రెండు పూర్తి పనిదినాల ముందు 811కు చెప్పడం మరిచిపోవద్దు. పైసా తీసుకోకుండా వచ్చి గ్యాస్, కరెంటు లైన్లు రంగుతో గుర్తు పెట్టి వెళ్తారు. మీటరు దాటాక మీరు వేయించుకున్నవి, బార్బెక్యూ గ్యాస్ పైపు, పూల్ లైటు వైరు లాంటివి, వాళ్లు గుర్తించరు. వాటి సంగతి మీరే తేల్చుకోవాలి.

ఇంటికి ఆనించే వైపు ఇంకో మోసం. బయటికి గోడలా కనిపించే స్టక్కో నిజానికి పలచటి పూత. చాలా ఇళ్లలో దాని వెనక అంగుళం మందాన థర్మోకోల్ లాంటి ఫోమ్, ఆ వెనక అసలు చెక్క చట్రం ఉంటాయి. కప్పును మోసే దూలాన్ని ఆ చట్రంలోకి బోల్టులు దించి బిగించాలి. ఊరికే చూరు పలకకు స్క్రూలు కొట్టి వదిలేసిన కప్పులు కొల్లలు. ఒక పని చేయండి. నిచ్చెన వేసుకుని దూలం గోడకు తగిలేచోటు దగ్గరగా చూడండి. బోల్టు తల చుట్టూ స్టక్కో లోపలికి కుంగి ఉందా? అక్కడి నుంచి వెంట్రుకలంత సన్నటి పగుళ్లు పాకాయా? దూలానికీ గోడకూ మధ్య పోస్టుకార్డు దూరుతోందా? అయితే మీ కప్పు ఫోమ్‌ను నమ్ముకుని వేలాడుతోంది. ఆ సందులోంచి వాన దిగి లోపలి చెక్క నానితే, తర్వాత చెదల వంతు. ఎడారిలో చెదలేమిటనుకోకండి, వాటికి ఇక్కడ కొదవ లేదు.

కాళ్లను ఇంటి స్లాబు మీదే నిలబెట్టి బోల్టులు దించుతామనేవాళ్లుంటే ముందు గరాజ్ నేల మీద ముద్ర ఏమైనా ఉందేమో చూడమనండి. ఇక్కడి కొత్త ఇళ్లలో చాలావాటికి పోస్ట్ టెన్షన్ స్లాబు. లోపల ఉక్కు తీగలను లాగి బిగించి ఉంచుతారు. కోయవద్దు, తొలచవద్దు అని ముద్ర వేసేది అందుకే. డ్రిల్లు తగిలి తీగ తెగితే కాంక్రీటును చీల్చుకుని బయటికి రాగలదు.

పెరటి గోడల మీద తడకలు పెంచడం ఈమధ్య కొత్త వేలం వెర్రి. వెనక రెండంతస్తుల ఇల్లు లేచింది, మన పెరడంతా కనిపిస్తోంది, ఇంకో రెండడుగులు వెదురో పలకో బిగించేద్దాం అంటారు. ఈ కాలనీల గోడల్లో చాలావరకు నాలుగంగుళాల సన్నటి ఇటుకతో, అక్కడక్కడా స్తంభాలతో కట్టినవి. ఆ ఎత్తుకే కట్టారు, ఆ ఎత్తుకే నిలుస్తాయి. గోడ మొదట్లో మల్లెచెట్టుకు పెట్టిన డ్రిప్ పైపు ఏళ్ల తరబడి కారి మట్టిని మెత్తబరిచి ఉంటే మరీ ప్రమాదం. అన్నట్టు, ఆ గోడలో సగం పక్కింటివాళ్లది.

ఇదంతా ఎందుకు జరుగుతోందో మనందరికీ తెలుసు. వాట్సాప్ గ్రూపులో ఎవరో నంబరు పెడతారు. 'మనకు తెలిసినవాడే, సగం రేటుకు చేస్తాడు, పర్మిట్ గొడవ లేదు.' ఆ చివరి మాట దగ్గరే చెవి నిక్కబొడుచుకోవాలి. హెచ్‌ఓఏ, అంటే కాలనీ ఇళ్ల యజమానుల సంఘం, ఉత్తరం వచ్చింది కదా అంటారు. హెచ్‌ఓఏ చూసేది రంగు, ఎత్తు, వీధికి అందం. కాలు ఎంత లోతుకు దిగిందో, బోల్టు ఎక్కడ పట్టిందో చూడాల్సింది నగరం ఇన్‌స్పెక్టరు. దేనికి పర్మిట్ కావాలన్నది ఊరిని బట్టి మారుతుంది కాబట్టి పక్క ఊళ్లో స్నేహితుడు చెప్పింది నమ్మవద్దు, మీ నగర కార్యాలయాన్నే అడగండి. కాంట్రాక్టరుకు లైసెన్సు ఉందో లేదో అరిజోనా రిజిస్ట్రార్ ఆఫ్ కాంట్రాక్టర్స్ వెబ్‌సైటులో ఐదు నిమిషాల్లో తేలిపోతుంది. లైసెన్సు ఉన్నవారు పని చెడగొడితే ఆ శాఖకు ఫిర్యాదు చేయొచ్చు. అర్హత ఉంటే నష్టపరిహార నిధి నుంచి కొంత సొమ్ము రాబట్టుకోవచ్చు. లైసెన్సు లేనివాడి చేతిలో నగదు పెట్టాక ఆ నిధి తలుపు మీకు మూసినట్టే.

ఇప్పుడు పూల్ కంచె. మిగతావన్నీ డబ్బుతో పోయేవి, ఇది ప్రాణంతో పోయేది. అమెరికాలో ఒకటి నుంచి నాలుగేళ్ల వయసు పిల్లల మరణాలకు మొదటి కారణం నీళ్లలో మునగడం. అరిజోనా చట్టం ప్రకారం కంచె బయటి వైపు నుంచి కనీసం ఐదడుగులు ఉండాలి. నాలుగంగుళాల బంతి దూరే సందు ఉండకూడదు. గేటు పూల్ నుంచి బయటి వైపుకు తెరుచుకోవాలి, తనంతట తాను మూసుకోవాలి, గడియ తనంతట తాను పడాలి. గడియ నేల నుంచి కనీసం 54 అంగుళాల ఎత్తున ఉండాలి. తక్కువ ఎత్తున పూల్ వైపు పెట్టుకుంటే దానికి వేరే కొలతలున్నాయి. కంచెకూ నీటి అంచుకూ మధ్య కనీసం 20 అంగుళాలు ఉండాలి. ఆరేళ్ల లోపు పిల్లలు నివసించని ఇంటికి రాష్ట్ర చట్టంలో మినహాయింపు ఉంది. ఆ మినహాయింపును పట్టుకుని కూర్చునే తెలుగు ఇళ్లు చాలా ఉన్నాయి. మన ఇళ్లలో సత్యనారాయణ వ్రతానికి పదిహేను కుటుంబాలు వస్తాయి, వాళ్ల పిల్లలు ఏ వయసువాళ్లో ఏ చట్టమూ లెక్క పెట్టదు.

కంచె ఉన్న ఇంట్లోనూ కొత్త పనులు దాన్ని పాడుచేస్తున్నాయి. నీడలో కూర్చోవడానికి బాగుంటుందని కంచెను ఆనుకునే సిమెంటు బల్ల కట్టిస్తారు. బల్ల మీదికెక్కిన మూడేళ్ల పిల్లాడికి ఐదడుగుల కంచె మూడున్నర అడుగులే. పూల కుండీ, డెక్ మెట్టు, పూల్ పంపు మీద కప్పిన పెట్టె, అన్నీ అంతే. ఇక గేటు. ప్లేట్లు అటూ ఇటూ మోసుకెళ్లడానికి అడ్డంగా ఉందని దాని కింద చెప్పు ఇరికించి తెరిచి పెడతారు. ప్రతి విందులోనూ ఆ చెప్పు ఉంటుంది. ఎవరిదైనా సరే, మీ కంటబడితే తీసేయండి, మొహమాటపడకండి.

డెక్‌ల గురించి రెండు మాటలు. ముదురు రంగు కాంపోజిట్ పలక ఎండలో కాలు పెట్టలేనంత కాగుతుంది. ఇనప గేటు పిడీ అంతే. ఇక్కడి నేల, తారు 160 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటే రోజులుంటాయి. క్షణాల్లో చర్మం ఊడొస్తుంది. వేసవి సెలవులకు అమ్మానాన్నలను పిలిపించుకునేది మనమే. రెంటచింతల ఎండలు చూసినవాళ్లం, ఇదో లెక్కా అంటూ వడియాలు ఆరబెట్టడానికి అమ్మ చెప్పుల్లేకుండా డెక్ మీదికి వెళ్తుంది. చక్కెర వ్యాధితో పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లయితే కాలిందని తెలిసేసరికే బొబ్బలు లేస్తాయి. లేత రంగు పలక అడగండి, నీడ పడేచోటే డెక్ వేయించండి, తలుపు దగ్గర చెప్పులు పెట్టండి. పలకల మధ్య సందు విషయంలో తయారీదారు చెప్పిన కొలతే పాటించమనండి. జనవరి చలిలో దగ్గర దగ్గరగా బిగించిన పలకలు జూలైలో సాగి ఉబ్బుతాయి.

ఆ పని చేసేవాళ్లను జూలై మధ్యాహ్నం కప్పెక్కించకండి. 2023లో మారికోపా కౌంటీలో వేడి కారణంగా పోయినవారు 645 మంది. పని తెల్లవారుజామున మొదలుపెట్టి పదింటికల్లా ఆపినా మీ పందిరికి తొందరేమీ లేదు.

తుపాను హెచ్చరిక ఫోనులో మోగిన సాయంత్రం సెయిల్ విప్పేయాలి. దాన్ని నిమిషాల్లో విప్పగలిగే కొక్కేలతోనే కట్టించుకోవాలి. పెద్ద గొడుగులు మూసి పడుకోబెట్టాలి. ట్రాంపోలిన్ ఉన్న ఇంటివాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు, గోడలు దాటి ఎగిరినవి అందరూ చూశారు. దుమ్ము గోడ కనిపించాక నిచ్చెన ఎక్కవద్దు. అప్పటికి ఆలస్యమైపోయింది, లోపలికి వెళ్లిపోండి.

ఇప్పటికే పర్మిట్ లేకుండా కట్టేసుకున్నవాళ్లు భయపడి దాచుకోవద్దు. కట్టిన తర్వాత కూడా దరఖాస్తు చేసుకునే వీలు ఉంటుంది. ఫీజు ఎక్కువ పడొచ్చు, ఇంజనీరు చేత లెక్కలు గీయించమనొచ్చు, ఒక కాలు తవ్వి చూపించమనొచ్చు. దరఖాస్తు ఈ వారమే పెట్టండి. తనిఖీకి తేదీ దొరికేసరికి జూన్ వచ్చేస్తుంది.