ఎవరూ లేని దీవి

సంక్రాంతి సెలవులు వచ్చాయంటే పూర్వం మన ఇళ్ళల్లో తిరుపతి, కాళహస్తి, కాకుంటే అత్తవారి ఊరు అనుకునేవారు. ఇప్పటి పిల్లల ధోరణి వేరు. వీపున సంచి తగిలించుకొని, మనిషి అలికిడి లేని దీవికి పోయి, ఇసుకలో గుడారం వేసుకొని పడుకోవాలట! గది వద్దు, దీపం వద్దు, హోటలు వద్దు. "డబ్బిచ్చి ఇబ్బంది కొనుక్కోవడమేమిట్రా?" అని ఇంట్లో పెద్దలు నవ్వారు. మేనల్లుడు పట్టు విడవలేదు. కుర్రవాళ్ళను ఒంటరిగా పంపడం ఇష్టం లేక మేమూ బయలుదేరాము.

ఇందుకు అండమాను దాకా పోనక్కరలేదు. చెన్నపట్నంలో సూళ్ళూరుపేట లోకల్ బండి ఎక్కి తడలో దిగితే, దగ్గరలోనే భీములవారిపాళెం పడవల రేవు. ఎదుట పులికాట్ సరస్సు. మన పెద్దలు దీన్ని ప్రళయకావేరి అనేవారు. చిలక సరస్సు తరువాత చెప్పుకోదగినంత పెద్ద ఉప్పునీటి సరస్సు ఇది. దీనికీ సముద్రానికీ నడుమ శ్రీహరికోట. 1971 నుంచి అక్కడ రాకెట్లు ఎగురుతున్నాయి. సరస్సు లోపల ఇరకం దీవి. అక్కడికి పడవే దారి.

రేవులో పడవవాడు మమ్మల్ని లెక్కపెట్టి, "నలుగురు ఎక్కండి. తక్కినవాళ్ళు మలి విడత రండి సామీ" అన్నాడు. మరో రెండు వందలు ఇస్తాము, అందరినీ ఎక్కించుకోమన్నాము. "డబ్బుకు పడవ తేలదు సామీ" అన్నాడు. మాకు కోపం వచ్చింది. కాని 2011 డిసెంబరు 25న ఇదే సరస్సులో, విహారానికి వచ్చినవారి పడవ బోల్తాపడి 22 మంది పోయారన్న సంగతి అతను గుర్తుచేయగానే నోరు మూసుకున్నాము. ఒడ్డున ఒక గంట కూర్చుంటే మాకు పోయినదేమీ లేదు.

దీవిలో ఊరిపెద్దలను అడిగి, ఇళ్ళకు కాస్త దూరంగా ఇసుకలో గుడారాలు వేశాము. తెచ్చుకున్న నాలుగు సీసాల నీళ్ళూ పొద్దు గూకేసరికి అయిపోయాయి. ఒక ముసలమ్మ బిందెడు నీళ్ళిచ్చింది. పట్నం అలవాటు ఎక్కడికి పోతుంది? కాళ్ళు కడుక్కున్నాము, గిన్నెలు తొలిచాము, మరో బిందె అడిగాము. కాదనకుండా అదీ ఇచ్చింది.

తెల్లవారి చూస్తే ఆమె, మనుమరాలు దొరువు ప్రక్కన కూర్చొని ఉన్నారు. దొరువంటే ఇసుకలో తవ్విన నీళ్ళ గుంట. చెంబుతో తోడడం, ఊట ఊరేదాకా ఆగడం, మళ్ళీ తోడడం! "ఇంత నిదానమేమమ్మా?" అని అడిగాము. "తొందరపడితే అడుగు నించి ఉప్పు తగల్తాది నాయనా" అంది.

తరువాత ఆలోచిస్తే అర్థమైంది. ఇసుకలో ఇంకిన వాననీరు, ఉప్పునీటికన్న తేలిక గనుక, దానిపైన పలుచని పొరగా నిలుస్తుంది. ఎక్కువగా తోడితే క్రిందినుంచి ఉప్పు పైకి వస్తుంది. ఆ పొరతోనే మేము కాళ్ళు కడుక్కున్నాము! సిగ్గుతో డబ్బివ్వబోతే, "కష్టపెట్టుకోబాక నాయనా, ఇంటికొచ్చిన వాళ్ళు గదా" అని చెయ్యి వెనక్కు తీసుకుంది.

ఎవరూ లేని దీవి అనుకున్నది మా అజ్ఞానమే. ఈ సరస్సు దీవుల బ్రతుకును, అక్కడి తెలుగును స.వెం. రమేశ్ గారు 'ప్రళయకావేరి కథలు'లో పుస్తకంగానే వ్రాశారు. బయలుదేరే ముందు చదవవలసినదాన్ని ఇంటికి వచ్చాక చదివాము.

కనుక పిల్లలను వెళ్ళవద్దనము. అనుమతి అడిగి వెళ్ళండి. పడవవాడి మాటకు ఎదురు చెప్పకండి. మనిషికి రోజుకు నాలుగైదు లీటర్ల చొప్పున త్రాగే నీళ్ళు మీరే మోసుకుపొండి. చలికాలంలో రాజహంసలు మేతకు దిగే చోట పాటలపెట్టె మోగించకండి. తెచ్చిన చెత్త తిరిగి సంచిలోనే వేసుకోండి.

వచ్చే సంక్రాంతికి మేనల్లుడు అప్పుడే జాబితా వ్రాశాడు. మొదటి పద్దు నీళ్ళ డబ్బాలు, రెండు. "ఒకటి ఆ అవ్వకు మామయ్యా" అన్నాడు. మొయ్యడం మా వంతట.