చీపుర్లు పట్టుకుని వచ్చినోళ్లు

శనివారం బెంగళూరు నుంచి తిరుపతికొచ్చి అక్కతో కలిసి 'ప్రాక్టికల్ మ్యాజిక్' చూసినా. 1998 నాటి సినిమా. సాండ్రా బుల్లక్, నికోల్ కిడ్‌మన్ మంత్రగత్తెలైన అక్కచెల్లెళ్లు. ఆ ఇంటి ఆడపిల్లను ప్రేమించినోడు బతకడని శాపం. ప్రేమ, నవ్వులు సాగుతుండగానే పెరట్లో శవాన్ని పూడ్చేస్తారు! ఈ కలగలుపు అప్పట్లో చాలామంది విమర్శకులకు నచ్చలేదు. నాకూ మధ్యలో కాస్త తికమకే.

మన 'విరూపాక్ష' (2023)లో చేతబడి చేశారని ఊరోళ్లు ఓ జంటను తగలబెడతారు. ఇందులో మాత్రం, ఇన్నాళ్లూ వెలేసిన ఆడోళ్లే చివర్లో చీపుర్లు పట్టుకుని సాయానికొస్తారు. అక్కడ అక్క కళ్లు తుడుచుకుంది. బావ పోయి రెండేళ్లు. వరలక్ష్మీ వ్రతానికి బొట్టు పెట్టి పిలిచేవాళ్లు మా గుమ్మం దాటేసి పోతారు.

"మన వీధిలోనూ ఇంటింటికీ చీపురుంది కదరా" అనింది.