బట్టీ కొడితే ప్రోగ్రామింగ్ వస్తుందా?

ప్రత్తిపాడు నల్లరేగడిలో పత్తి, మిర్చి పండించి, అప్పులు తెచ్చి బిడ్డలను గుంటూరు కాలేజీలకు పంపుతున్న రైతులెందరో. ఆ బిడ్డల్లో కంప్యూటర్ బ్రాంచి వాళ్లకు డేటా స్ట్రక్చర్స్, అల్గారిథమ్స్ ఆయువుపట్టు. సాఫ్ట్‌వేర్ కంపెనీల పరీక్షల్లో తేలేదీ, తేలిపోయేదీ ఇక్కడే.

మరి చాలా కాలేజీల్లో జరుగుతున్నదేమిటి? సీనియర్ రికార్డు చూసి జూనియర్ దించడం. గైడులోని పది ప్రశ్నలు బట్టీ పట్టడం. మార్కులు వస్తున్నాయి. కొత్త లెక్క ఇస్తే మాత్రం చెయ్యి కదలదు. ఇది చదువా? రైతు కష్టానికి ఇదా ఫలితం?

నిజానికి ఇందులో పల్లె బిడ్డకు అందనిదేముంది? మిర్చి యార్డు గేటు దగ్గర ముందొచ్చిన ట్రాక్టరు ముందు వెళ్తుంది. అదే క్యూ. ఒకదానిపై ఒకటి పేర్చిన టిక్కీల్లో చివర పెట్టిందే ముందు దిగుతుంది. అదే స్టాక్. అక్షర క్రమంలో ఉన్న 10 లక్షల పేర్లలో ఒకటి వెతకాలి. మొదటి నుంచి చూస్తూ పోతే 10 లక్షలూ చూడాల్సి రావచ్చు. నడిమి పేరు చూసి, అక్కర్లేని సగాన్ని వదిలేస్తూ పోతే 20 సార్లు చూస్తే చాలు. అదే బైనరీ సెర్చ్. చిందరవందరగా ఉన్న అన్ని పేర్లను వరుసలో పెట్టడానికి బబుల్ సార్ట్‌కు 50 వేల కోట్ల పోలికలు పట్టవచ్చు. 1945లో వాన్ నాయ్‌మన్ కనిపెట్టిన మెర్జ్ సార్ట్‌కు 2 కోట్లు చాలు. యంత్రం అదే. తేడా అంతా ఆలోచనలోనే!

ఈ ముక్క తెలుగులో చెబితే తప్పేమిటి? ప్రాంతీయ భాషల్లో ఇంజనీరింగ్ బోధనకు ఏఐసీటీఈ 2021లోనే అనుమతి ఇచ్చింది. ఇంకా ఇంగ్లిష్ నోట్సు డిక్టేషన్ ఎందుకు? ఏఐ కోడ్ రాసిపెడుతుంది కదా అనేవాళ్లున్నారు. అది రాసింది తప్పో ఒప్పో తేల్చేదెవరు?

యాజమాన్యాలు సాయంత్రాలు కూడా ల్యాబులు తెరవాలి. యూనివర్సిటీలు గైడుల్లో లేని లెక్కలు అడగాలి. మార్కులెన్ని అని అడిగే తల్లిదండ్రులు, నీ అంతట నువ్వు ఏం రాశావు అని కూడా అడగాలి.

విద్యార్థి మిత్రులారా! ఐఐటీ ఆచార్యుల పాఠాలు ఎన్‌పీటీఈఎల్‌లో ఉచితంగా ఉన్నాయి. రోజుకో లెక్క పట్టండి. ముందు కాగితం మీద గీయండి, తర్వాతే కీబోర్డు ముట్టండి. పాఠం చెప్పని కాలేజీని నిలదీయండి. అడగడం మీ హక్కు. నేర్చుకోవడం మీ బాధ్యత.