పాతకారు... తుప్పు వదలాల్సిందే!

ఆదివారం పొద్దున్నే బ్రిటన్‌లో చాలామంది సూపర్‌మార్కెట్‌కో, ఫుట్‌బాల్ చూడ్డానికో బయల్దేరతారు. కొందరు మాత్రం పాత బట్టలు తొడుక్కుని, ఇంటి పక్కనున్న గ్యారేజీలోకి దూరిపోతారు. అక్కడ స్టాండ్ల మీద ఎత్తిపెట్టిన ఓ పాతకారు... దాని కింద వెల్లకిలా పడుకుంటే మళ్లీ లేచేది భోజనానికే!

ఆ కారు తరచూ ఎంజీబీ అయ్యుంటుంది. ఆక్స్‌ఫర్డ్‌కు దగ్గర్లోని ఆబింగ్డన్‌లో 1962 నుంచి 1980 దాకా తయారైన స్పోర్ట్స్‌కారది. అన్ని రకాలూ కలిపి అయిదు లక్షలకు పైనే చేశారు. 1,798 సీసీ ఇంజిన్, రెండు కార్బ్యురేటర్లు. కంప్యూటర్ల గొడవలేదు. స్పానర్లూ, ఓ మాన్యువల్ పుస్తకమూ, బోలెడు ఓపికా ఉంటే ఇంజిన్‌ను ఇంట్లోనే విప్పి బిగించుకోవచ్చు. విడిభాగాలకూ కొదవలేదు. 1988 నుంచి బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ సంస్థ పాత అచ్చులతోనే కొత్త బాడీలు కూడా తయారుచేస్తోంది.

అసలు శత్రువు తుప్పు

ఎంజీబీకి విడిగా ఛాసిస్ ఉండదు. బరువంతా బాడీయే మోస్తుంది. అందులోనూ తలుపుల కింద పొడవునా పెట్టెలా ఉండే ‘సిల్స్’ కారుకు వెన్నెముకలాంటివి. చలికాలంలో మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పు, నీళ్లతో కలిసి వాటిలోకి చేరుతుంది. తుప్పు లోపల మొదలై బయటికి వస్తుంది. పైన రంగు నిగనిగలాడుతుంటుంది, లోపల రేకు పొడైపోతుంటుంది. అందుకే పాతకారు కొనడానికి వెళ్లేవాళ్లు జేబులో అయస్కాంతం పెట్టుకుంటారు. అది అతుక్కోలేదంటే అక్కడున్నది రేకు కాదు, పుట్టీ!

సిల్స్ మార్చడంలోనే అసలు పరీక్ష. తలుపు ఖాళీకి అడ్డంగా ఇనుపకడ్డీ బిగించకుండా తొందరపడి కోసేస్తే బాడీ మధ్యలో కుంగిపోతుంది. ఆ తర్వాత తలుపులు సరిగా పడవు. అందుకే తెలిసినవాళ్లు ఒక్కో వైపే, కొలతలు చూసుకుంటూ వెల్డింగ్ చేస్తారు.

మారిస్తే తప్పా?

కారు పుట్టినప్పుడు ఎలా ఉందో అలాగే ఉండాలనేది కొందరి పట్టుదల. కానీ పెట్రోలే మారిపోతే? బ్రిటన్‌లో 2000లో సీసం కలిపిన పెట్రోలు మామూలు బంకుల్లో అమ్మడం ఆపేశారు. దాంతో చాలామంది గట్టి వాల్వ్ సీట్లు వేయించుకున్నారు. 2021లో పదిశాతం దాకా ఇథనాల్ కలిసిన పెట్రోలు వచ్చింది. పాత రబ్బరు గొట్టాలు దానికి తట్టుకోలేవు. ఇవి మార్చక తప్పనివి. ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్, అయిదు గేర్ల గేర్‌బాక్స్ లాంటివి సౌకర్యం కోసం. ఆమాటకొస్తే 1973లో కంపెనీయే ఎంజీబీ జీటీలో మూడున్నర లీటర్ల రోవర్ వీ8 ఇంజిన్ పెట్టి అమ్మింది!

అయితే అక్కడో మెలిక ఉంది. 40 ఏళ్లు దాటిన కార్లకు రోడ్డు పన్ను మినహాయింపు ఉంది. 2018 నుంచి ఏటా చేయించే ‘ఎంవోటీ’ ఫిట్‌నెస్ పరీక్ష కూడా తప్పనిసరి కాదు. కారు స్వరూపమే మారేంత మార్పులు చేస్తే మాత్రం ఆ పరీక్ష తప్పదు. అంటే, సొంతంగా వేసిన వెల్డింగ్ గట్టిదో కాదో బయటివాళ్లెవరూ చూడకుండానే కారు రోడ్డెక్కొచ్చు. అందుకే తప్పనిసరి కాకపోయినా డబ్బు కట్టి మరీ పరీక్ష చేయించేవాళ్లున్నారు.

మరి... వేసవి రాగానే టాప్ దించి షికారుకు బయల్దేరితే, పక్కసీట్లో కూర్చునేది మనవరాలు కదా!